మా అమ్మాయి హోంవర్కూ, గురజాడ అసమ్మతి పత్రమూ



నవంబర్ వచ్చిందంటే మా బాతెల్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. బయట వాన, లోపల హోంవర్కులు. పోయిన వారం మా అమ్మాయి స్కూల్ నుంచి ఒక కాగితం పట్టుకొచ్చింది. తను తొమ్మిదో తరగతి. లీడర్‌షిప్ మీద ఏదో క్లాసు తీసుకుంది. అందులో ప్రతి పిల్లా ఒక మానిఫెస్టో రాయాలట. నేను ఎవరిని, నా చుట్టూ ఏం మారాలనుకుంటున్నాను, దానికి నేనేం చేస్తాను అని ఒక పేజీలో. మన వైపు మానిఫెస్టో అంటే ఎన్నికలప్పుడు పార్టీలు వేసే పుస్తకమే కదా. ఇక్కడ పద్నాలుగేళ్ళ పిల్లల చేత రాయిస్తున్నారు.

కాగితంతో పాటు కొన్ని నమూనాలు ఇచ్చారు. అన్నీ కంపెనీ అధిపతులవో, పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళవో. మా అమ్మాయి అవన్నీ చదివి నన్నో ప్రశ్న అడిగింది. పదవి లేనివాళ్ళు ఎవరైనా ఇలాంటిది రాశారా, రాస్తే ఎవరైనా విన్నారా అని. మన తెలుగువాళ్ళలో ఉన్నారా అని కూడా అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వంట చేస్తూ ఆలోచిస్తుంటే గురజాడ అప్పారావు గారు గుర్తొచ్చారు. ఆయన గుర్తుకు రావడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. అది కాస్త సిగ్గుపడాల్సిన సంగతి. చివర్లో చెప్తాను.

గురజాడ అంటే మనలో చాలామందికి రెండే గుర్తు. ఒకటి కన్యాశుల్కం, రెండోది స్కూల్లో అందరం పాడిన దేశభక్తి గేయం. నేను విజయనగరంలో బీఎస్సీ చదివినదాన్ని. ఆయన విగ్రహం పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. అయినా ఆయన జీవితం గురించి నాకు తెలిసింది అంతంత మాత్రమే. ఈ వారం రోజులూ కూర్చుని చదివాను. మా అమ్మాయికి చెప్పినదే ఇక్కడా రాస్తున్నాను.

అప్పారావు గారు 1862 సెప్టెంబర్ 21న ఎస్. రాయవరంలో పుట్టారు. అది ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. తండ్రి వెంకట రామదాసు గారు విజయనగర సంస్థానంలో ఉద్యోగి, తల్లి కౌసల్యమ్మ గారు. చిన్నతనం చీపురుపల్లిలో గడిచింది. తర్వాత చదువుకోసం విజయనగరం వచ్చారు. అక్కడ మహారాజా కాలేజీ ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు ఆ పిల్లవాడిని తన దగ్గర ఉంచుకుని, తిండి పెట్టి చదివించారు. పర్లాకిమిడి వెళ్ళి గొప్ప భాషావేత్త అయిన గిడుగు రామమూర్తి గారు అప్పట్లో ఆయన సహాధ్యాయి. ఒకే ఊళ్ళో, ఒకే బడిలో చదువుకున్న ఈ ఇద్దరూ ముప్ఫై ఏళ్ళ తర్వాత ఒకే పోరాటంలో నిలబడ్డారు.

అప్పారావు గారు 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ. పాసయ్యారు. అదే ఏడాది మహారాజా వారి హైస్కూల్లో నెలకు 25 రూపాయల జీతానికి టీచర్‌గా చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే 1886లో బీఏ పూర్తి చేశారు. కొన్నాళ్ళు డిప్యూటీ కలెక్టర్ ఆఫీసులో హెడ్ గుమాస్తా. తర్వాత మళ్ళీ కాలేజీలో లెక్చరర్. చూశారా, ఇందులో ఎక్కడా అధికారం లేదు. జీతం రాళ్ళమీద బతికే మామూలు మనిషి.

ఇక్కడ మా అమ్మాయికి బాగా నచ్చిన విషయం ఒకటుంది. గురజాడ మొదట తెలుగు రచయితగా బయల్దేరలేదు. కుర్రతనంలో ఆయన ఇంగ్లీషులో కవిత్వం రాసేవారు. 1883లో సారంగధర అని ఇంగ్లీషులో ఒక కావ్యం రాశారు. కలకత్తాలో పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ గారు అది చూసి మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఊరుకోలేదు. పరాయి భాషలో ఎంత బాగా రాసినా పరాయివాడిగానే మిగులుతావు, సొంత భాషలో రాయమని సలహా ఇచ్చారు. ఆ సలహా ఇచ్చింది తెలుగు రాని ఒక బెంగాలీ పెద్దమనిషి. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు అని రెండు పడవల మీద కాళ్ళు పెట్టి తిరిగే మన పిల్లలకు ఇది కొత్త సమస్య అనుకుంటాం. నూట నలభై ఏళ్ళ కిందట విజయనగరం కుర్రాడికీ అదే సమస్య.

అప్పటి విజయనగరం మహారాజు ఆనంద గజపతి గారికి చదువంటే, చర్చలంటే ఇష్టం. అప్పారావు గారు ఆయనకు దగ్గరయ్యారు. ఆ రోజుల్లో విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో ఆడపిల్లలను డబ్బు తీసుకుని ముసలివాళ్ళకు పెళ్ళి చేసే ఆచారం బాగా పాతుకుపోయి ఉండేది. అదే కన్యాశుల్కం. అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ మాట్లాడని సంగతే. మహారాజు ముందు ఒక పని చేయించారు. మూడేళ్ళ కాలంలో జిల్లాలో అలాంటి పెళ్ళిళ్ళు ఎన్ని జరిగాయో లెక్క కట్టించారు. వాటిని ఆపడానికి చట్టం తెచ్చే ప్రయత్నం కూడా జరిగింది కానీ అది ఫలించలేదు.

ఆ లెక్కలను గురజాడ తన నాటకానికి రాసిన ఇంగ్లీషు ముందుమాటలో పెట్టారు. సైన్స్ చదివినదాన్ని కాబట్టి నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు. అంటే ఏడాదికి సగటున 344. అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44. మూడేళ్ళవాళ్ళు 36. రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది వయసున్న పసికందులు ముగ్గురు. కాగితం మీద నేనే కూడాను. ఐదేళ్ళు, అంతకంటే తక్కువ వయసువాళ్ళు 188 మంది. ప్రతి వంద పెళ్ళికూతుళ్ళలో 18 మంది ఇంకా బడి ఈడు కూడా రాని పిల్లలు. ఇదంతా దొరికిన లెక్కే. డబ్బు తీసుకున్నామని ఎవరు మాత్రం నోరారా ఒప్పుకుంటారు? అసలు సంఖ్య ఇంకా ఎక్కువే అయివుంటుంది.

మా అమ్మాయి ఆ అంకెలు చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఇక్కడ ఐదేళ్ళంటే కిండర్‌గార్టెన్ కదా.

కన్యాశుల్కం నాటకాన్ని మొదటిసారి 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు ఆడారు. 1897లో పుస్తకంగా వచ్చింది. ఇందులో ఉపన్యాసాలు లేవు. గిరీశం ఇంగ్లీషు ముక్కలు, రామప్పంతులు జిత్తులు, లుబ్ధావధాన్ల పిసినారితనం, మధురవాణి తెలివి చూసి జనం పగలబడి నవ్వారు. నవ్వుతూనే తమ ఇంట్లో జరుగుతున్నదే అక్కడ జరుగుతోందని చూశారు. పైగా ఆ పాత్రలన్నీ అచ్చం విజయనగరం వీధుల్లో మనుషులు మాట్లాడుకునే భాషే మాట్లాడతాయి. అప్పటికి గౌరవమైన రచన అంటే గ్రాంథికంలోనే ఉండాలి. అలాంటప్పుడు వాడుక మాటలతో అంత పెద్ద నాటకం రాయడం సాహసమే. ఎందుకలా రాశారో కూడా ముందుమాటలో చెప్పుకున్నారు. ఎవరి బతుకులు బాగుపడాలని రాస్తున్నామో వాళ్ళకు అర్థం కాకపోతే రాసి ఏం లాభం అన్నది ఆయన ఆలోచన. ఆ నాటకంతో ఆయన తృప్తి పడిపోలేదు. పన్నెండేళ్ళ తర్వాత, 1909లో, దాన్ని బాగా పెంచి, మార్చి, రెండో కూర్పు తెచ్చారు. ఇప్పుడు మనం చదువుతున్నది అదే.

నా లెక్కలో ఆ 1897 ముందుమాటే ఆయన మొదటి మానిఫెస్టో. ఏం తప్పు జరుగుతోందో అంకెలతో చూపించారు. తను ఏ దారి ఎంచుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో చెప్పారు. దాని కిందే తన పని పెట్టారు.

అదే 1897లో ఆనంద గజపతి గారు చనిపోయారు. అండగా ఉన్న మనిషి పోయాడు. తర్వాత అప్పారావు గారు మహారాజు సోదరి రీవా మహారాణి గారికి ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేశారు. సంస్థానం వారసత్వం మీద పెద్ద కోర్టు దావా నడిచింది. ఏళ్ళ తరబడి ఆ కాగితాలూ, ఆ వకీళ్ళూ, ఆ ప్రయాణాలూ ఆయన నెత్తిమీదే. ఆరోగ్యం మొదటినుంచీ అంతంత మాత్రం. ఇన్ని పనుల మధ్యే 1910లో ముత్యాల సరాలు రాశారు, దిద్దుబాటు కథ రాశారు. ముసలివాడికి కట్టబెట్టిన పిల్ల కథను పూర్ణమ్మ గేయంగా రాశారు. చదివితే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఇక అసలు విషయానికొస్తాను. చదువుకునే భాష ఎలా ఉండాలి అన్న గొడవ.

ఆ రోజుల్లో పిల్లలు బళ్ళో నేర్చుకునే తెలుగు వేరు, ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు. బడి తెలుగుకు పందొమ్మిదో శతాబ్దంలో చిన్నయసూరి గారి వ్యాకరణమూ, ఆయన నీతిచంద్రికా ప్రమాణం. పిల్లవాడు పరీక్షలో తన మాటల్లో రాస్తే తప్పు. ఎప్పుడో కవులు వాడిన రూపాలు, సంధులు బట్టీపట్టి రాస్తే ఒప్పు. 1906 ప్రాంతంలో జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్‌గా ఉత్తరాంధ్రకు వచ్చారు. తెలుగు పాఠాలు వింటే ఆయనకు అనుమానం వచ్చింది. మాట్లాడే భాషకూ, పుస్తకంలో భాషకూ ఇంత తేడా ఎందుకుందని అడిగారు. ఆ ప్రశ్న పట్టుకున్నవాళ్ళు గిడుగు రామమూర్తి గారు, గురజాడ గారు, విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ గారు. అయ్యంగార్ గారి మాతృభాష తెలుగు కాదు. మళ్ళీ చూడండి, మన భాష గురించి మనకు చెప్పడానికి బయటివాళ్ళు రావాల్సి వచ్చింది.

1910 తర్వాత కొద్దికాలం, పిల్లలు పరీక్షలో గ్రాంథికంలోగానీ వాడుక భాషలోగానీ ఏదో ఒకదానిలో రాసుకోవచ్చని అనుమతి దొరికింది. వెంటనే పండితుల్లో కలకలం రేగింది. జయంతి రామయ్య పంతులు గారి లాంటి పెద్దలు వ్యతిరేకంగా నిలబడ్డారు. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టారు. సభలు జరిగాయి, వ్యాసాలు వచ్చాయి, ప్రభుత్వానికి అర్జీలు వెళ్ళాయి. వాళ్ళను చెడ్డవాళ్ళుగా చూపించడం నా ఉద్దేశం కాదు. వాళ్ళకూ తెలుగంటే ప్రాణమే. వాడుక భాషను రానిస్తే వెయ్యేళ్ళ సాహిత్యంతో సంబంధం తెగిపోతుందని, ఒక్కో జిల్లావాడు ఒక్కోలా రాస్తే భాష ముక్కలైపోతుందని వాళ్ళ భయం. ఆ భయంలో కొంత నిజం కూడా ఉంది.

మద్రాసు యూనివర్సిటీ ఇంటర్మీడియెట్ తెలుగు కాంపోజిషన్ మీద ఒక కమిటీ వేసింది. అందులో గురజాడ కూడా ఉన్నారు. మెజారిటీ గ్రాంథికం వైపే మొగ్గింది. వాడుక భాష ఓడిపోయింది.

ఆ స్థితిలో మనలో ఎవరైనా ఏం చేస్తాం? నలుగురితో పాటు సంతకం పెట్టి ఇంటికొస్తాం. లేదా కోపంతో లేచి బయటకు పోతాం. గురజాడ ఈ రెండూ చేయలేదు. కూర్చుని తన అసమ్మతిని రాశారు. అప్పటికి ఆయనకు యాభై దాటింది, ఒంట్లో సత్తువ లేదు. ఒక పేజీలో నాకిది నచ్చలేదని చెప్పి ఊరుకోవచ్చు. ఆయన పుస్తకమంత రాశారు. 1914లో అది ఇంగ్లీషులో అచ్చయింది. దాన్నే మనం అసమ్మతి పత్రం అంటున్నాం.

ఇంగ్లీషులో ఎందుకు? తెలుగు కోసం రాసింది ఇంగ్లీషులోనా అని మా అమ్మాయి నవ్వింది. నాకు తోచిన కారణం ఇది. నిర్ణయం తీసుకునేది యూనివర్సిటీ. వాళ్ళు చదివే భాషలో రాస్తేనే వాళ్ళు చదువుతారు. నాటకం జనం కోసం, అందుకే జనం భాషలో. పత్రం అధికారుల కోసం, అందుకే అధికారుల భాషలో. ఎవరు మారాలో వాళ్ళకు అర్థమయ్యేలా రాయాలన్న సూత్రం రెండింటిలోనూ ఒకటే.

ఆ పత్రంలో తిట్లు లేకపోలేదు, వెటకారం కూడా ఉంది. కానీ బలమంతా సాక్ష్యాల్లోనే ఉంది. 1890లలో ఆయన విజయనగర సంస్థానానికి శాసన పరిశోధకుడిగా పనిచేశారు. రాళ్ళ మీద, రాగిరేకుల మీద పాత తెలుగు ఎలా ఉందో కళ్ళారా చూసినవాడు. ఆ అనుభవం ఇక్కడ పనికొచ్చింది. శాసనాలు, పాత వచన రచనలు తీసుకొచ్చి ముందు పెట్టారు. భాష ఎప్పుడూ ఒకచోట ఆగలేదని, మనం అనాదిగా వస్తున్నదనుకునే గ్రాంథిక వచనం నిజానికి నిన్నమొన్న కట్టుకున్నదని చూపించారు. ఆ గ్రాంథికాన్ని సమర్థించే పండితులే దాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని ఉదాహరణలు ఇచ్చారు. మిగతా దేశాల్లో భాషలు ఎలా ముందుకెళ్ళాయో పోల్చారు. పండితులకే రానిది పిల్లల మీద రుద్దితే ఏమవుతుంది? కొద్దిమంది మాత్రమే గట్టెక్కుతారు, మిగిలినవాళ్ళకు చదువంటేనే భయం పట్టుకుంటుంది. ఇదీ ఆ పత్రం సారాంశం.

ఫలితం? ఏమీ మారలేదు. నిర్ణయం గ్రాంథికం వైపే నిలిచింది. పిల్లలకు ఇచ్చిన స్వేచ్ఛ వెనక్కి పోయింది. 1915 నవంబర్ 30న విజయనగరంలో అప్పారావు గారు కన్నుమూశారు. వయసు 53. తను గెలిచిన రోజు ఆయన చూడలేదు.

అయితే కాగితం మిగిలింది. స్నేహితుడు గిడుగు రామమూర్తి గారు మిగిలారు. 1919లో ఆయన తెలుగు అనే పత్రిక పెట్టారు. ఊరూరా తిరిగి వాదించారు, 1940లో పోయేదాకా ఆ పని వదల్లేదు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. కథలు, నవలలు మారాయి. తర్వాత పత్రికలు మారాయి. అన్నిటికంటే ఆఖరున పాఠ్యపుస్తకాలు, పరీక్షలు మారాయి. దశాబ్దాలు పట్టింది. ఎప్పుడు ఎవరు వెనక్కి తిరిగి వాదన వెతుక్కున్నా, 1914లో రాసిపెట్టిన ఆ పత్రం అక్కడ ఉంది.

గురజాడను దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. ఆయన కందుకూరి వీరేశలింగం గారిలా వీధుల్లోకి దిగి వితంతు వివాహాలు చేయించినవారు కాదు. సంస్థానం ఉద్యోగి, జాగ్రత్తగా మసలుకున్న మనిషి. ఆయనా, గిడుగు గారూ కోరిన వాడుక భాష కూడా ముఖ్యంగా చదువుకున్నవాళ్ళు ఇళ్ళలో మాట్లాడుకునే భాషే. పొలంలో పనిచేసేవాళ్ళ భాషకు అప్పుడే తలుపులు బార్లా తెరుచుకోలేదు. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, నేను సిగ్గుపడాల్సిన సంగతి సరిగ్గా ఇక్కడే ఉంది.

ఈ దీపావళికి మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలం కొందరం కలిసి పిల్లలకు తెలుగు వ్యాసాల పోటీ పెట్టుకున్నాం. ముగ్గురం జడ్జీలం. అందులో నేనొకదాన్ని. ఒక పిల్లవాడు వాళ్ళ నాన్నమ్మ గురించి రాశాడు. శ్రీకాకుళం వైపు కుటుంబం. ఆవిడ ఫోన్లో ఎలా మాట్లాడుతుందో వాడు అలాగే రాశాడు. ఏటి అనీ, గుంటడు అనీ, ఎల్లిపోనాడు అనీ. అమెరికాలో పుట్టిన పిల్లవాడు, ఆ యాస చెవులతో పట్టుకుని, అక్షరాల్లో పెట్టాడు. ఆ మాటలన్నిటి కిందా ఎర్ర గీతలు పడ్డాయి. యాస, తప్పు తెలుగు అని మార్కులు తగ్గించాలని మిగతా ఇద్దరూ అన్నారు. వాళ్ళు మంచివాళ్ళే, పిల్లలకు శుద్ధమైన తెలుగు రావాలన్నదే వాళ్ళ తపన. నేను ఏమీ అనలేదు. సంతకం పెట్టాను.

నేను పుట్టి పెరిగింది ఆ పక్క జిల్లాలోనే. మా అమ్మ ఇప్పటికీ నన్ను గుంట అనే పిలుస్తుంది. పెళ్ళయి ఊళ్ళు మారాక, నలుగురూ నవ్వుతారేమోనని నా నోటి నుంచి ఆ మాటలు ఒక్కొక్కటిగా నేనే తీసేసుకున్నాను. అదే పని ఆ పిల్లవాడికీ చేశాను.

ఒక్కసారి ఆలోచించండి. విజయనగరం వీధుల భాషను గురజాడ 1892లో స్టేజీ ఎక్కించారు. ఆ గొడవ గెలిచాక వచ్చిన మన పత్రికల భాష, పుస్తకాల భాష ఎక్కువగా కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల చదువుకున్నవాళ్ళ భాష మీద నిలబడింది. ఇప్పుడు అదే శుద్ధమైన తెలుగు అయింది. తెలంగాణ మాటలు, రాయలసీమ మాటలు, మా ఉత్తరాంధ్ర మాటలు తప్పులయ్యాయి. ఒకప్పుడు గ్రాంథికం కూర్చున్న కుర్చీలో ఇప్పుడు ఇది కూర్చుంది. తలుపు తెరిచిన మనిషి ఊరి మాటనే ఆ తలుపు దగ్గర ఆపుతున్నాం. అదీ ఎక్కడ? బాతెల్‌లో. తెలుగు ఎలా మాట్లాడినా చాలు, మాట్లాడితే అదే పదివేలు అనుకోవాల్సిన చోట.

ఆలోచిస్తే నేను ఈ కాలమ్ రాయగలుగుతున్నదే ఆయన వల్ల. నాకు గ్రాంథికం రాదు. ఛందస్సు రాదు. చదివింది కెమిస్ట్రీ, చేసేది ఇంటిపని. 1914 నాటి తీర్పే చివరిదాకా నిలిచి ఉంటే నాలాంటిది కలం పట్టుకునేది కాదు. పట్టుకున్నా మీరెవరూ చదివేవారు కాదు. అలాంటి నేనే ఒక పిల్లవాడి నాన్నమ్మ మాటలకు ఎర్ర గీత గీసిన కాగితం మీద సంతకం పెట్టాను.

మా అమ్మాయి ప్రశ్నకు నా జవాబు ఇప్పుడు దొరికింది. పదవి లేనివాళ్ళు రాశారు. అప్పటికప్పుడు ఎవరూ వినలేదు. అయినా రాసినది మిగిలింది కాబట్టి తర్వాతివాళ్ళు విన్నారు. మానిఫెస్టో అంటే నేను ఎంత గొప్పదాన్నో చెప్పుకునే కాగితం కాదని తనకు చెప్పాను. పదిమంది ఒక వైపు ఉన్నప్పుడు, మనకు తప్పని తోచినదాన్ని, ఎందుకు తప్పో రుజువులతో సహా పేరు పెట్టి రాసిపెట్టడం. గెలుస్తామా లేదా అన్నది తర్వాతి సంగతి. తను తలూపింది. తర్వాత, మరి నువ్వు రాశావా అమ్మా అని అడిగింది.

ఆ రాత్రి రాశాను. పోటీ కమిటీకి ఒక పేజీ. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని మొదటి వాక్యం. ఆ వ్యాసంలో ఎర్ర గీతలు పడిన పదకొండు మాటలూ వరసగా రాసి, ఒక్కోటి ఏ జిల్లాలో ఎవరు ఎలా వాడతారో ఎదురుగా పెట్టాను. కొన్నింటికి మా అమ్మకు ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆవిడ అరగంట సేపు ఆనందంగా చెప్పింది. వచ్చే ఏడాది నుంచి ఏ ప్రాంతం మాటకూ మార్కులు తగ్గించకూడదని, పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ళ మాటలు రాస్తే అది తప్పు కాదు, సంపాదన అని నియమంగా పెట్టాలని అడిగాను. మిగతా ఇద్దరు జడ్జీల భయాన్ని కూడా అందులో రాశాను. అది అబద్ధపు భయం కాదు కాబట్టి.

ఇంకా జవాబు రాలేదు. ముగ్గురిలో ఒకదాన్నే కాబట్టి ఓడిపోవచ్చు కూడా. కానీ ఆ పిల్లవాడి ఇంటికి మాత్రం వెళ్ళొచ్చాను. వాళ్ళ నాన్నమ్మ వీడియో కాల్‌లో ఉన్నారు. ఏ ఊరమ్మా నీది అని అడిగారు. చాలా ఏళ్ళ తర్వాత మా ఊరి భాషలోనే జవాబు చెప్పాను.

ఈ నవంబర్ 30న గురజాడ వర్ధంతి. వీలైతే ఆ రోజు మీ పిల్లల చేత మీ అమ్మగారి మాటలో, నాన్నమ్మగారి మాటలో ఒక్క పేజీ రాయించండి. దిద్దకండి. దాచిపెట్టండి.